సొంతంగా హిమాలయ శిఖరారోహణ: ఇమ్జా త్సే

9.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• ఎత్తుకు శరీరం అలవాటుపడే విధానాన్ని వివరించగలుగుతారు.
• ఇమ్జా త్సే ప్రయాణానికి రోజుల ప్రణాళిక వేయగలుగుతారు.
• వెనుదిరగవలసిన సందర్భాలను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

నేపాల్‌లోని ఖుంబు ప్రాంతంలో, లోత్సే పర్వతానికి దక్షిణంగా ఇమ్జా త్సే శిఖరం ఉంది. ఎత్తు 6,189 మీటర్లు. మంచు మధ్య ద్వీపంలా కనిపించడం వల్ల దీన్ని ఐలాండ్ పీక్ అని కూడా పిలుస్తారు. 1953లో ఎవరెస్టు యాత్రకు సిద్ధమవుతున్న బ్రిటిష్ బృందంలోని సభ్యులు దీన్ని మొదటిసారి ఎక్కారు.

దీన్ని 'ట్రెకింగ్ శిఖరం' అంటారు. ఆ పేరు అనుమతుల వర్గీకరణకు సంబంధించినదే తప్ప, నడిచి ఎక్కేయవచ్చని దాని అర్థం కాదు. దారిలో హిమానీనదం, దాని పగుళ్లు, నిటారైన మంచువాలు ఉంటాయి. బూట్లకు బిగించే ఇనుప ముళ్లు, మంచుగొడ్డలి, తాడు వాడటం ముందే నేర్చుకోవాలి. 1954లో డార్జిలింగ్‌లో ఏర్పడిన హిమాలయ పర్వతారోహణ సంస్థ వంటివి ఇందులో శిక్షణ ఇస్తాయి.

సొంతంగా ఎక్కడమంటే ఒంటరిగా ఎక్కడం కాదు. రోజుల లెక్క, సామాను, ఆగడం, వెనుదిరగడం వంటి నిర్ణయాల బాధ్యత మీదేనని అర్థం. అనుమతి మాత్రం తప్పనిసరి. గైడు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు సరిచూసుకోండి.

9.2 శరీరం ఎలా అలవాటుపడుతుంది?

ఎంత ఎత్తుకు వెళ్లినా గాలిలో ఆక్సిజన్ వాటా సుమారు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగం. అందువల్ల ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా సగమే.

దీనికి శరీరం మొదట శ్వాస వేగాన్ని పెంచుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారత్వం పెరుగుతుంది. దీన్ని మూత్రపిండాలు సరిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు కావాలి. దేహదారుఢ్యం ఉన్నంత మాత్రాన ఈ గడువు తగ్గదు.

9.3 రోజుల ప్రణాళిక

3,000 మీటర్లు దాటాక, నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో మరో రాత్రి గడపాలి. లుక్లా నుంచి మొదలయ్యే దారికి దీన్ని అన్వయిద్దాం (ఎత్తులు సుమారుగా):

• ఫక్డింగ్ – 2,610 మీ.
• నామ్చే బజార్ – 3,440 మీ. (రెండు రాత్రులు)
• తెంగ్‌బోచే – 3,860 మీ.
• డింగ్‌బోచే – 4,410 మీ. (రెండు రాత్రులు)
• చుకుంగ్ – 4,730 మీ.
• బేస్ క్యాంప్ – 5,100 మీ.

నామ్చే, డింగ్‌బోచేల దగ్గర పెరుగుదల 500 మీటర్లు దాటింది. అందుకే అక్కడ రెండేసి రాత్రులు. వీటికి తోడు కనీసం రెండు రోజులు అదనంగా ఉంచుకోండి. తిరుగు టిక్కెట్టు తేదీ తరుముతున్నప్పుడు తలనొప్పిని చిన్నదిగా చూడటం సహజం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

9.4 ఎప్పుడు వెనుదిరగాలి?

తలనొప్పితో పాటు వికారం, నీరసం, తలతిరుగుడు ఉంటే అది ఎత్తు జబ్బుగా భావించి పైకి వెళ్లడం ఆపాలి. తగ్గకపోయినా, ముదిరినా దిగాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆయాసం వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్లు అనుమానించాలి. మాట తడబడినా, మడమకు వేలు తగిలేలా సరళరేఖలో నడవలేకపోయినా మెదడు వాపును అనుమానించాలి. ఈ రెండింటిలోనూ ప్రాణాపాయం ఉంది. తెల్లవారేదాకా ఆగకుండా, తోడుతో వెంటనే కిందికి దిగాలి.

మెదడు వాపు వచ్చినవారికి తమ ఆలోచన చెదిరిందని తెలియదు. 'నాకేం కాలేదు' అంటూనే ఉంటారు. అందువల్ల నిర్ణయాన్ని ఆ క్షణానికి వదలకూడదు. ఏ లక్షణానికి ఆగాలి, దేనికి దిగాలి, శిఖరం అందకపోయినా ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి అన్నవి కిందనే కాగితంపై రాసి, మీ తోడుకు ఒక ప్రతి ఇవ్వండి. పైన మీరు వాదించినా ఆ కాగితం మాటే చెల్లాలని ముందే ఒప్పుకోండి.

9.5 మీ అవగాహనను పరీక్షించుకోండి

1. నామ్చేలో రెండు రాత్రులు ఎందుకు గడపాలి?
2. డింగ్‌బోచేలో మీ తోడుకు తలనొప్పి, వికారం ఉన్నాయి. అదనపు రోజులు అయిపోయాయి. మీరు ఏం చేస్తారు? కారణాలు రాయండి.