ఆకాశం నుంచి అడవి లెక్క

మా కరీంనగరం నుంచి బయలుదేరి, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెనపై గోదావరి దాటామంటే లక్సెట్టిపేట, జన్నారం. ఆపైన కవ్వాల అడవి. ఆ అడవిని ఆకాశంలోంచి కొలుస్తున్నారంటే మా ఇంట్లో పెద్దవాళ్లు ఓ పట్టాన నమ్మలేదు.

కొలవడమంటే చెట్టు చెట్టునూ కాదులెండి. సుమారు 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగే మన ఉపగ్రహం నేలను 23.5 మీటర్ల చదరపు గళ్లుగా చూస్తుంది. ఎకరం పొలం ఏడు గళ్లు! పచ్చని ఆకు ఎర్రని వెలుగును మింగేసి, మన కంటికి ఆనని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ తేడాను బట్టి చెట్ల జాడ పట్టేస్తారు. ఈ బొమ్మలను హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్ కేంద్రం అందుకుంటుంది. డెహ్రాడూన్‌లో 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుంచీ రెండేళ్లకోసారి దేశమంతటి అడవి లెక్క ప్రకటిస్తున్నది.

దీనికీ పెళ్లిచూపులకు మల్లే మంచిరోజులు చూడాలి. వేసవిలో ఆదిలాబాదు టేకు ఆకు రాల్చి బోసిపోతుంది. వానాకాలం మబ్బులు అడ్డం. అందుకని అక్టోబరు, డిసెంబరు నెలల నడుమ తీసిన బొమ్మలు ఎంచుకుంటారు.

ఇంతకూ అడవి అంటే ఏమిటి? ఒక హెక్టారు నేల, అందులో కనీసం నూటికి పది వంతుల మేర చెట్ల కొమ్మల నీడ ఉంటే చాలునట. నేల ఎవరిది, చెట్టు ఏది అన్న విచారణ లేదు. కవ్వాల టేకూ అడవే, జగిత్యాల మామిడితోటా అడవే, నీలగిరి తోటా అడవే! తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు ఇది మింగుడు పడలేదు. మామిడితోటను అరణ్యమన్న నిఘంటువు ఎక్కడైనా ఉందా? సర్కారు అడవిలో పదెకరాలు నరికేసి, ఊరి బయట పదెకరాల తోట ఎదిగిందనుకోండి. మొత్తం అంకె చెక్కు చెదరదు.

కాబట్టి కాళ్లకు పని తప్పదు. సిబ్బంది అడవిలోకి వెళ్లి, మచ్చుకు సుమారు పావెకరం మడి గుర్తించి, నేలకు 1.37 మీటర్ల ఎత్తున ప్రతి మాను చుట్టూ టేపు పట్టి కొలిచే పద్ధతి చాలా ఏళ్లు సాగింది. పైనున్న కొమ్మల కింద వెదురు ఉందా, తునికి మొలక లేస్తోందా, పశువులు మేసిపోయాయా అన్నది అలా వెళ్లినవాడికే తెలుస్తుంది.

ఈ బొమ్మలు మనుషుల బతుకుల మీదికీ వస్తాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు రైతు 2005 డిసెంబరు 13కు ముందే ఆ నేలలో ఉన్నట్లు రుజువు చూపాలి. గోండు రైతు పొలం చేసినా ఇప్పచెట్టు మీద గొడ్డలి వేయడు. పువ్వు ఏరుకుంటాడు, గింజనుంచి నూనె తీస్తాడు. పైనుంచి చూసే కంటికి ఆ కొమ్మలే కనిపిస్తే, కింది జొన్నచేను సంగతేమిటి? 2012లో నియమాలు సవరించినప్పుడు, ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే గాని వాటి స్థానంలో చెల్లదని స్పష్టంగా రాశారు. ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట, పొలం గట్టు, పాతబావి, తాతముత్తాతల సమాధులు, ఇవన్నీ ఆ నియమాల ప్రకారం సాక్ష్యాలే.