వంజరం తల, కొర్రమీను, కవళ్లు: దుక్మ్ నుంచి ఒక శుక్రవారం

దుక్మ్‌లో నది లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చేపల గురించి రాస్తున్న ఉత్తరం, చేప అనగానే మీలో చాలామందికి ఇంటి దగ్గరి ఏరే గుర్తొస్తుంది. ఇక్కడున్నవి వాన పడితేనే పారే వాగులు. వాటిని వాదీ అంటారు. మిగతాదంతా రాతినేల, ఇసుక, ఆ అంచున అరేబియా సముద్రం. 2011లో ఒమాన్ ప్రభుత్వం ఇక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి పెట్టింది. ఓడరేవు, ఓడల మరమ్మతు డాక్, రోజుకు 2,30,000 పీపాల చమురు శుద్ధిచేసే రిఫైనరీ, చేపల రేవు వచ్చాయి. వాటి వెంట మనవాళ్లూ వచ్చారు. శ్రీకాకుళం వైపు వెల్డర్లు, ఫిట్టర్లు. జగిత్యాల, కరీంనగర్ వైపు డ్రైవర్లు, మేస్త్రీలు. వీళ్ల చేతిలో ఉన్నది రెండేళ్ల కాంట్రాక్టు. 1860 నవంబర్ 16న ట్రూరో ఓడ దిగి డర్బన్‌లో కాలు పెట్టిన మనవాళ్ల చేతిలో ఉన్నది ఐదేళ్ల గిరిమిట్ కాగితం. పోలిక అక్కడితో ఆపుతాను. వీళ్లు రోజూ ఫోన్లో పిల్లల మొహం చూసుకుంటారు.

శుక్రవారం సెలవు, కాబట్టి చేపల కూర. ఆ రోజు సోంపేట తమ్ముడు వంజరం తల పులుసు పెట్టాడు. వంజరాన్ని ఇక్కడ కనద్ అంటారు. ముద్ద కలుపుతూ జగిత్యాల అన్న అనుమానం బయటపెట్టాడు: "ఫ్యాక్టరీల పక్కన పట్టిన చేప తింటున్నం గదా, మంచిదేనా? మా చెరువు కొర్రమీనే నయం." తమ్ముడికి రోషం వచ్చింది. "అంత సముద్రం అన్నా, ఏది కలిపినా కలిసిపోద్ది!" ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ పూట నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సముద్రంలో కలిసిపోతుందన్న మాట సగమే నిజం. పాదరసం నీళ్లలో పలచబడుతుంది కానీ చేపలో చిక్కబడుతుంది. అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నాచులోకి, నాచు తిన్న పురుగులోకి, దాన్ని తిన్న చిన్న చేపలోకి, చివరికి పెద్ద చేపలోకి చేరి కండలో అంటుకుపోతుంది. మెట్టు మెట్టుకీ పెరుగుతుంది. ఎన్నేళ్లు బతికితే అంత పోగవుతుంది. చింతపండు పులుసులో ఎంతసేపు మరిగించినా, ఉప్పు పసుపు రాసి కడిగినా పోదు. ఎండబెడితే నీరు పోయి, కిలోకు లోహం లెక్క ఇంకా పెరుగుతుంది. సెలవుకు వెళ్తూ ఎండుచేపలు మూట కట్టుకునేవాళ్లు ఈ ఒక్క మాట వినాలి.

కాడ్మియం దారి వేరు. అది కండలో కాక కాలేయంలో, మూత్రపిండాల్లో కూర్చుంటుంది. దక్షిణ ఒమాన్ తీరంలోని రాతి ఆల్చిప్పల్లో, కొన్ని చేపల కాలేయాల్లో అది ఎక్కువగా కనిపించింది. కారణం ఫ్యాక్టరీ కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు తీరం పొడవునా వీస్తే పైనీరు పక్కకు జరిగి, లోతులోని చల్లటి నీరు పైకి వస్తుంది. చేపలకు బలమిచ్చే పోషకాలు ఆ నీటిలోనే ఉంటాయి, కాడ్మియమూ ఉంటుంది. ఈ తీరంలో చేపలు అంత సమృద్ధిగా దొరకడానికి కారణం కూడా ఆ గాలే. కాబట్టి అన్న భయపడ్డ దిక్కు వేరు, జాగ్రత్త పడాల్సిన చోటు వేరు. చేప కడుపులోని కాలేయం తీసి పారేస్తే సగం పని అయిపోతుంది.

ఇక చెరువు చేపే నయమన్న మాట. డర్బన్ పాఠకులకు ఇది ఇంటి గొడవ. కేటో రిడ్జ్‌లో థోర్ కెమికల్స్ అనే బ్రిటిష్ కంపెనీ విదేశాల నుంచి పాదరసపు వ్యర్థాలు తెప్పించుకుని శుద్ధిచేసేది. పనివాళ్లు విషం బారిన పడ్డారు, కొందరు చనిపోయారు. ఫ్యాక్టరీ దిగువన మ్ంగ్వేని ఏటిలో పాదరసం బయటపడింది. ఆ ఏటి నీళ్లు చేరేది ఉమ్గేని నదిలోకి, అక్కడి నుంచి ఇనాండా జలాశయంలోకి. ఫ్యాక్టరీలో ఆ పని ఆగిపోయి చాలా ఏళ్లయ్యాక కూడా ఇనాండా చేపల్లో కొన్నింటిలో పాదరసం హద్దు దాటి కనిపించింది. జపాన్‌లో మినమాటా పేరు అందరూ విన్నారు, అది సముద్రపు పాయ. కానీ 1965లో నీగాతాలో అదే జబ్బు తెచ్చింది అగానో నది చేపలు. నదికి సముద్రమంత నీళ్లు లేవు, పారేసినది అడుగు బురదలో అక్కడే ఉండిపోతుంది. మన తెలంగాణలోనూ పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి పోయిన సంగతి 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పైగా కొర్రమీను బురదలో ఉండి చిన్న చేపల్ని వేటాడే చేప. చెరువులోకి ఏ వాగు నీళ్లు వస్తాయో తెలిస్తే తప్ప నయం అనలేం.

ఎంత తింటే ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు పెట్టిన హద్దు, ఒంటి బరువు కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం. కడుపులోని బిడ్డ మెదడును దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క ఇది. 50 కిలోల గర్భిణికి వారానికి 80 అన్నమాట. చేపలో కిలోకు 0.5 మిల్లీగ్రాములు ఉంటే (చాలా దేశాలు మామూలు చేపలకు పెట్టిన హద్దు అదే) 160 గ్రాములతో ఆమె వాటా అయిపోతుంది. రెండు ముక్కలు! ప్రతి వంజరంలో అంత ఉంటుందని కాదు. కానీ పెద్ద వంజరం, సొర, పెద్ద తూనా ఆ వైపు చేపలే. కవళ్లలో సాధారణంగా అందులో పదోవంతు కూడా ఉండదు. కానాగంతలూ మేలే. అన్నట్టు, కానాగంత శాస్త్రీయ నామంలోని 'కానగుర్తా' మన తెలుగు మాటే. విశాఖపట్నం చేపల మీద పాట్రిక్ రసెల్ 1803లో వేసిన పుస్తకం నుంచి వెళ్లింది.

తమ్ముడి భార్యకు ఇప్పుడు ఐదో నెల. చేపలు మానేయమని ఆమెకు చెప్పొద్దని నేనే ఆపాను. బిడ్డకు ఆ మాంసకృత్తులు, ఆ నూనె కావాలి, ఊళ్లో అంత చవకగా అవి ఇంకెక్కడ దొరుకుతాయి? ఫోన్లో చెప్పాడు: పెద్ద చేప వద్దు, కవళ్లు వండుకో, కడుపు శుభ్రంగా తియ్యి. అటు నుంచి అత్తగారి గొంతు వినిపించింది, వంజరం ఆమె కోసమే కొన్నదట.

తర్వాతి శుక్రవారం మా గదిలోనూ కవళ్ల వేపుడే. ముళ్లు తీసుకోలేక జగిత్యాల అన్న ఆ పూటంతా గొణుగుతూనే ఉన్నాడు.