పాల లెక్క పక్కన పరుగు లెక్క

మా వంటింటి తలుపు వెనక తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటుంది. తేదీ గడిలో కింద పాల లెక్క రాస్తాను. రోజూ పోసే లీటరుకు ఏమీ రాయను. చుట్టాలొచ్చి ఎక్కువ పోయించుకుంటే 'అర' అనీ, పాలు రాకపోతే అడ్డగీతా. 2023 జనవరి నుంచి అదే గడిలో పైన ఎర్రసిరాతో ఇంకో అంకె చేరింది. 3, 4, 4.5... అవి నేను పరుగెత్తిన కిలోమీటర్లు.

నవ్వకండి. నలభై నాలుగేళ్ల మనిషి చుడీదార్ మీద బూట్లు తొడుక్కుని పరుగెత్తుతుంటే, హనుమకొండలో మా వీధివాళ్లు అప్పటికే కావలసినంత నవ్వేశారు. నేను సరదాకి మొదలుపెట్టలేదు. అంతకు ముందు నెలలో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 6.5 దాటితే షుగరు కిందే లెక్క. మా అమ్మకు ఆ జబ్బుతోనే చూపు పోయింది. ఆఖరి రోజుల్లో నా మొహం చేత్తో తడిమి గుర్తుపట్టేది. అది చూసినదాన్ని, ఇక బద్ధకించడానికి భయం వేసింది.

వారానికి నాలుగు రోజులు, మొత్తం 16 కిలోమీటర్లు అనుకున్నాను. కొంత పరుగు, కొంత నడక. దగ్గర్లోని కాలేజీ గ్రౌండులో సున్నం గీతల ట్రాకు ఉంది. ఒక చుట్టు 400 మీటర్లు, పది చుట్లు తిరిగితే 4 కిలోమీటర్లు అని రాసుకునేదాన్ని. లోపలి వరసల్లో మగపిల్లలు దూసుకుపోతుంటారని నేను చిట్టచివరి వరసలో తిరిగేదాన్ని. నెల తరువాత అక్కడి ఫిజికల్ డైరెక్టర్‌గారు చూసి, "అమ్మా, 400 అనేది మొదటి వరసకే. ఎనిమిదో వరసలో చుట్టుకు 453 మీటర్లు పడుతుంది" అన్నారు. అంటే పది చుట్లకు అరకిలోమీటరు పైనే! నా కూలి నేనే ఎగ్గొట్టుకున్నానన్నమాట. ఆ రోజే ఇంటికొచ్చి జనవరి అంకెలన్నీ దిద్దేశాను.

ఇక వాతావరణం సంగతి. "శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుంది" అంటారు మా అత్తయ్య. ఫిబ్రవరిలో ఒకటి రెండు రోజులు మంచు ఎంత దట్టంగా పట్టిందంటే రోడ్డు మీద లారీ దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. శివరాత్రి అలా వెళ్లిందో లేదో, ఎనిమిదింటికల్లా ఎండ చురుక్కుమనడం మొదలైంది. సరే, పొద్దున్నే లేస్తే సరిపోతుందనుకుంటుండగా మార్చి మూడోవారంలో వడగళ్లు! మా చుట్టుపక్కల జిల్లాల్లో మక్కజొన్న నేలకొరిగిపోయింది, మామిడి పిందె రాలిపోయింది. బంగాళాఖాతం మీంచి వచ్చే తేమగాలి, అటు ఉత్తరాది నుంచి వచ్చే పొడిగాలి ఇక్కడ కలుసుకుంటే ఇలాంటి మబ్బు పడుతుంది. రైతుల నష్టం ముందు నా పరుగెంత అనుకోండి. కానీ గ్రౌండంతా బురదై మూడు రోజుల పరుగు పోయింది.

అక్కడే తప్పు చేశాను. క్యాలెండర్లో ఖాళీ గడులు చూస్తే పాలవాడికి బాకీ పడ్డట్టుండేది. ఆ బాకీ తీర్చేద్దామని మర్నాటి ఆదివారం, అంటే ఉగాది వెళ్లాక, సిమెంటు రోడ్డు మీద ఏకబిగిన 12 కిలోమీటర్లు లాగించేశాను. అంతకుముందు ఆరు దాటింది లేదు. ఇంటికొచ్చి పెద్ద అంకె వేసుకుని మురిసిపోయాను కూడా. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి, వేలితో తాకితే ప్రాణం పోయినట్టుంది. ఎముకల డాక్టరు నొక్కి చూసి, "మీ క్యాలెండర్ సంగతి ఈ ఎముకకు తెలియదమ్మా" అన్నాడు. అలవాటు లేని బరువు ఒక్కసారిగా మీద పడితే ఎముక మీది పొర వాచిపోతుందట, పట్టించుకోకపోతే ఎముకకే సన్నటి పగులు రావచ్చట. మూడు వారాలు పరుగు బంద్.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. క్యాలెండర్ దించి, ఫిబ్రవరి ఒకటి నుంచి పోయిన పరుగులు లెక్కపెట్టాను. పద్నాలుగు. అన్నీ ఈ దిక్కుమాలిన వాతావరణం వల్లేనని అందరితో అంటూ వచ్చాను కదా, చూద్దామని ఒక్కో గడీ కింద పాల లెక్కతో సరిపోల్చాను. మంచుకు రెండు, వడగళ్ల బురదకు మూడు. అంతే! నాలుగు గడుల కింద 'అర' అని ఉంది, అంటే ఇంటి నిండా చుట్టాలు. మూడు మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు. రెండు అత్తయ్య కంటి ఆపరేషన్. వాన అయిదు రోజులు తీసుకుంటే ఇల్లు తొమ్మిది తీసుకుంది. ఆపరేషన్‌కు నేను ఉండాల్సిందే. మరి చుట్టాలకు కాఫీలు కలపడానికి? పదిహేడేళ్ల పిల్లకు టిఫిన్ పెట్టడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడా?

క్యాలెండర్ పట్టుకెళ్లి మావారి ముందు పెట్టాను. పోట్లాడలేదు. వేలుపెట్టి ఒక్కో గడీ చూపించానంతే. ఆయన చాలాసేపు చూసి, "పాల లెక్కలో ఇంత కథుందా" అని పేపరు తీసుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

ఏప్రిల్లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చాను. పోయిన రోజు గడిలో సున్నా చుట్టి పక్కన కారణం రాస్తున్నాను. పోయిన కిలోమీటర్లు పోయినట్టే, మరో రోజు మీద వేయడం లేదు. ఎండలు ముదిరాక కిలోమీటర్లు వదిలేసి నిమిషాలు రాశాను. ఫిబ్రవరిలో తిరిగిన దూరానికే ఏప్రిల్లో నాలుగైదు నిమిషాలు ఎక్కువ పట్టేది. ఒళ్లు చల్లబరచడానికి గుండె చర్మానికీ రక్తం పంపాలి కదా, కాళ్లు మందగించడం సహజం. ఆ వేడికి శరీరం అలవాటుపడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ 25 నిమిషాలకే ఆపేశాను. అయిదున్నరకే బయల్దేరడం, ఉరుము వినపడితే వెంటనే ఇంట్లోకి వచ్చేయడం. ఆఖరి ఉరుము తరువాత అరగంట గడిచేదాకా మళ్లీ గుమ్మం దిగను. మెరుపుతో పరాచికాలేమిటి?

జూన్‌లో మళ్లీ పరీక్ష చేయిస్తే 5.9 వచ్చింది. 5.7 లోపు ఉండాలి, ఇంకా దిగాలి.

అన్నట్టు, ఆ క్యాలెండర్ పంచాయితీ జరిగిన వారానికి, ఓ గురువారం లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. మావారు ఉప్మా కలుపుతున్నారు. ఇప్పటికీ గురువారం టిఫిన్ ఆయనదే. ఉప్మా తప్ప వేరేది రాదు. మొన్నో గురువారం గ్యాస్ అయిపోయిందని వెనక్కి పిలిచారు. సున్నా చుట్టి పక్కన 'గ్యాసు' అని రాశాను.