నింపాదిగా నడిచే రైలింజను

రండర్రా, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. రైలింజను అనగానే మీకు రయ్యిన దూసుకుపోయేదే గుర్తొస్తుంది. ఇవాళ గంటకి పాతిక కిలోమీటర్లు దాటడమే గగనమైన ఇంజను కబుర్లు చెబుతాను. నాకు అదంటేనే ముద్దు.

యార్డులో పెట్టెల్ని ఒక్కొక్కటీ లాగి, నెట్టి, వరసగా తగిలించి రైలు తయారుచేస్తారే, అదే షంటింగ్. ఇంగ్లండులో పూర్వం ఆ పని బొగ్గింజన్లు చేసేవి. పొద్దున్న పనికి రాత్రే నిప్పు రాజెయ్యాలి, ఖాళీగా నిలబడ్డా బొగ్గు మండుతూనే ఉండాలి. డీజిలుకి ఆ బాధ లేదు. అక్కడి ఎల్.ఎం.ఎస్. రైలు కంపెనీ 1930లలోనే యార్డుల్లో డీజిలుని పెట్టి చూసింది. ఆ అనుభవంతోనే బ్రిటిష్ రైల్వే 1952లో మన నింపాది ఇంజను తయారీ మొదలెట్టింది. తర్వాత దీనికి క్లాస్ 08 అని పేరొచ్చింది. 1962 కల్లా 996 ఇంజన్లు తయారయ్యాయంటే చూడండి!

దాని శక్తి 350 హార్స్ పవర్, అంతే. ఇవాళ పెద్ద ట్రైలర్ లారీకి ఇంచుమించు అంత ఉంటోంది. మరి వందల టన్నుల్ని ఎలా కదిలిస్తుంది? బస్తాలేసిన ఎడ్లబండి బయల్దేరేటప్పుడు చూడండి. ఎడ్లు మెడలు వంచి, గిట్టలు నేలలోకి దిగేసి, అంగుళం అంగుళం లాగుతాయి. అక్కడ పరుగు పనికిరాదు, పట్టు కావాలి. ఇదీ అంతే. డీజిలు జనరేటరుని తిప్పుతుంది, ఆ కరెంటుతో రెండు మోటార్లు చక్రాల్ని తిప్పుతాయి. డీజిలుని తిన్నగా చక్రాలకే బిగిస్తే, నిలబడ్డ బండిని కదపబోయి అదే ఆగిపోతుంది. కరెంటు మోటారు మాత్రం కదలకముందే గట్టిగా లాగుతుంది. ఇక ఆరు చక్రాల్నీ బయట ఇనప కడ్డీలతో కలిపేశారు, ఒకటి జారబోతే మిగిలినవి ఆపుతాయి. యాభై టన్నుల ఒళ్లు పట్టాల్ని అదిమి పడుతుంది. అందుకే ఆ లాగుడు పదహారు టన్నుల బరువుకి సమానం!

ఇంకో ముచ్చట. షెఫీల్డు దగ్గర టిన్స్‌లీ అనే యార్డులో ఒక మిట్ట ఉండేది. వ్యాగన్లని దానిమీదికి నెట్టి వదిలితే అవే దొర్లుకుంటూ ఏ లైనుకి ఆ లైనుకి పోయేవి. అంత బరువు నెట్టడానికి ఒక్క ఇంజను చాల్లేదు. 1965లో రెండేసి కలిపి, ఒకదాని డ్రైవరు గది పీకేసి, మూడు జంటలు కట్టారు.

అదే కాలంలో 3300 హార్స్ పవర్‌తో డెల్టిక్ అనే ఇంజన్లు లండన్, ఎడిన్‌బరోల మధ్య గంటకి 160 కిలోమీటర్లు పరిగెత్తాయి. జనం వాటిని చూసి మురిసిపోయారు. 1982కి అవి రిటైరైపోయాయి. మన నింపాది ఇంజన్లలో కొన్ని ఇప్పటికీ డిపోల్లో పనిచేస్తున్నాయి. యార్డులు మూతపడి, ఇంజను విప్పి తగిలించక్కర్లేకుండా రెండు వైపులా డ్రైవరు గదులున్న రైళ్లు వచ్చాక చాలావాటికి పని తగ్గిందనుకోండి. మిగిలినవాటిని ఒక డిపో నుంచి ఇంకో డిపోకి పంపాలంటే, మెయిన్ లైన్లో వెనక రైళ్లన్నీ ఆగిపోతాయని, చాలాసార్లు లారీ మీదికెక్కించి రోడ్డు మీద తీసుకెళతారు.