తీరికలేని ఇంటిలో పిల్లల పెంపకము

పిల్లలను పెంచే విధానమును గురించి గ్రంథములు వ్రాసినవారికి పిల్లలు లేకనైనా ఉండవలెను, వారిని చూచుకొనేవారు మరొకరైనా ఉండవలెను అని మేము అప్పుడప్పుడు నవ్వుకొంటూ ఉంటాము. ఆ గ్రంథములలో ఏడు గంటల బస్సు తప్పిపోదు. నర్సు డ్యూటీ ఉన్నట్టుండి రాత్రికి మారదు. బయలుదేరే వేళకు చిన్నదాని చెప్పు ఒకటి కనబడకుండా పోదు. మా ఇంటిలో ఇవన్నీ ఒకే ఉదయమున జరుగును. ఈ పత్రిక చదివే కుటుంబములలో చాలవాటి వరస ఇదే గనుక, మా అనుభవములో తేలిన రెండు మూడు సంగతులు ఇక్కడ విన్నవించుకొంటున్నాము.

మాది పెరియంపట్టి. ధర్మపురి, కృష్ణగిరుల నడుమ, కారిమంగలం చేరువలోని ఊరు. ఈ ప్రాంతమంతా 1965 వరకు సేలం జిల్లాలో ఉండేది. చుట్టూ మామిడితోటలు, చింతచెట్లు, రాగిచేలు. తాతముత్తాతలనాడే ఇక్కడ నిలిచిపోయిన తెలుగువారము మేము. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు, ఆఫీసు కాగితములలో తమిళము, ఇంగ్లీషు. క్రైస్తవ కుటుంబము. ఇంటిలో ఆరుగురము: అవ్వ, మేమిద్దరము, ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి ఎనిమిదేండ్లు, అబ్బాయికి ఆరు, చిన్నదానికి మూడు. మాలో ఒకరిది గుమాస్తా పని, ఒకరిది నర్సు పని. ఇద్దరికీ ధర్మపురికి పోయి రావలసినదే.

మేము గ్రహించినది ఒక్కటే. తీరిక దొరికినప్పుడు చేద్దామని ఉంచిన పని పిల్లల విషయములో ఎన్నటికీ జరుగదు. తీరిక ఉన్నా లేకున్నా ప్రతిదినము తప్పక జరిగే కొంచెమే వారిలో నిలుచును. అందుచేత మేము పెద్ద ఏర్పాట్లు మానివేసి, తప్పరానివి కొన్నిటిని మాత్రము పట్టుకొన్నాము.

మొదటిది ఇంటిపని. తెల్లవారి ఐదున్నరకు లేచినది మొదలు ఎవరి పని వారికి ఉన్నది. చాపలు చుట్టుట, వాకిలి ఊడ్చుట, గ్లాసులు కడుగుట అనేవి పెద్దపిల్లలిద్దరికీ వారమునకు ఒకసారి మారును. ఊడ్చేది ఆడపిల్ల, అంగడికి పోయేది మగపిల్లవాడు అనే పంపకమును మేము ఒప్పుకోలేదు. దీనికి కారణమున్నది. ఆడపిల్ల పుట్టుటే భారమనుకొన్న కాలము మా జిల్లాకు తెలియనిది కాదు. అక్కరలేదనుకొన్న శిశువును చంపక ప్రభుత్వపు ఉయ్యాలలో విడిచిపొండని 1992లో సేలములో పెట్టిన పథకమును, 2001లో ధర్మపురికి కూడ తేవలసివచ్చినది. అట్టి చోట ఆడపిల్లా మగపిల్లవాడూ సమానమని నోటితో ఎంత చెప్పినను చాలదు. అబ్బాయి చేతిలో చీపురు ఉన్న వారమున ఆ పాఠము దానంతట అదే నడుచును. వాడు మూలలు వదలివేయును; అక్క చూపించును; మరల ఊడ్చును. పని ఆలస్యమగుట నిజమే. ఆ పది నిమిషములకై మేము పది నిమిషములు ముందుగా లేస్తాము.

ఇక ఫలాహారము. బడికి పోయే పిల్లలిద్దరూ బడిలోనే తింటారు. 2022 సెప్టెంబరు 15న మొదలుపెట్టి, 2023 ఆగస్టు 25 నుండి రాష్ట్రములోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించిన ఉదయ భోజన పథకము అది. ఒకనాడు ఉప్మా, ఒకనాడు కిచిడి, ఒకనాడు పొంగలి, సాంబారు. ఇంటిలో పొయ్యి ఉండగా బిడ్డలను బడి గిన్నెకు పంపుట పరువుతక్కువ అని బంధువులలో ఒకరు అన్నారు. దానికి జవాబు మేము చెప్పలేదు, అవ్వ చెప్పినది. 1956లో కామరాజుగారి కాలమున వచ్చిన బడి మధ్యాహ్నభోజనము తిని అక్షరములు నేర్చుకొన్న మనిషి ఆమె. "పక్కన కూర్చున్నవాడు తినేది మనవాడు తింటే పరువు పోదు, పొగరు పోతుంది" అన్నది. అంతటితో ఆ చర్చ ముగిసినది. బడిలో తినేముందు కూడ కన్నులు మూసుకొని ఒక్క మాట దేవునికి చెప్పుకొమ్మని మాత్రము పిల్లలకు నేర్పినాము. గట్టిగా చెప్పనక్కరలేదనీ, పక్కవారిని చెప్పమనరాదనీ కూడ నేర్పినాము.

రెండవది నీళ్ల సంగతి. ఈ ప్రాంతములో చిన్నపిల్లలున్న ప్రతి ఇంటివారూ దీనిని అన్నిటికన్న ముందు తెలుసుకోవలెను. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల నేలక్రింద గట్టి రాతిపొరలున్నవి. ఆ రాళ్లలోని ఫ్లోరైడు బోరుబావుల నీటిలో కలియును. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము లోపల ఉండవలెననియు, వేరే నీరు దొరకనిచోట సైతము 1.5 మిల్లీగ్రాములు దాటరాదనియు మన దేశపు ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లమీద తెల్లని, గోధుమరంగు మచ్చలు తేలును. మరీ హెచ్చయిన ఎడల ఎముకలు, కీళ్లు బిగుసుకొనును. కాపురముండే పండ్లు చిగుళ్లలోపల తయారయ్యేది సుమారు ఎనిమిదేండ్లలోపున. పడిన మచ్చను తరువాత త్రాగే మంచినీరు చెరపలేదు. పిల్ల పాలపండ్లతో నవ్వుతూ ఉన్ననాడే జాగ్రత్తపడవలెనన్న మాట.

ఈ బాధ తీర్చుటకే జపాను ఇచ్చిన అప్పుతో హొగెనకల్ నీటి పథకము కట్టి, 2013 మే నెలలో ప్రారంభించినారు. కావేరి నీటిని శుద్ధిచేసి గొట్టములద్వారా ఈ రెండు జిల్లాలకు పంపుతున్నారు. మా ఇంటిలో మూతపెట్టిన పెద్ద స్టీలు బిందె కావేరి నీళ్లది. త్రాగుటకు, వంటకు అదే. బోరు నీళ్లు స్నానమునకు, బట్టలకు, గిన్నెలకు. ఆ ప్లాస్టిక్ బిందె మెడకు ఎర్రగుడ్డ పీలిక కట్టినాము. చదువురాని మూడేండ్ల పిల్ల కూడ ఎర్రగుడ్డ బిందెలో చెంబు ముంచదు. ఎవరైనా ముంచితే ఊరంతా వినబడేటట్లు అరచును. గొట్టములో నీళ్లు రాని రోజు కొరకు ఒక బిందె ఎప్పుడూ మిగిల్చి ఉంచుతాము.

కాచి చల్లార్చితే బోరు నీళ్లు త్రాగవచ్చును గదా అని తల్లులు చాలమంది అడుగుతారు. త్రాగరాదు. కాచిన నీటిలో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరైన కొలది మిగిలినదానిలో దాని పాలు పెరుగును. మరొక మాట. పండ్లు తోమే పేస్టులో కూడ ఫ్లోరైడు ఉండును గనుక, చిన్నపిల్లలకు బఠాణీగింజంత పెట్టి, మ్రింగకుండా ఉమ్మివేయించవలెను. తిండిలో సున్నము, అంటే డాక్టర్లు చెప్పే కాల్షియము, తగినంత ఉంటే పిల్లల ఎముకలకు బలము. అందుకు దూరము పోనక్కరలేదు. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. మన అవ్వలు చేసే రాగిసంకటి, రాగిజావ బీదల తిండి అని పిల్లలచేత అనిపించకుండా ఉంటే చాలును.

మూడవది సాయంకాలపు ప్రార్థన. రాత్రి ఎనిమిది గంటలకు, భోజనమునకు ముందు, పావుగంట. ఫోనులు అలమరలో పెట్టి తలుపు వేస్తాము. ఒక పాట, బైబిలులో కొద్ది వచనములు, తరువాత ఒక్కొక్కరూ తమ మాటలతో చిన్న ప్రార్థన. మాలో ఒకరికి రాత్రి డ్యూటీ ఉంటే రెండవవారు జరుపుతారు. ఇద్దరికీ ఆలస్యమైతే అవ్వ జరుపును. చిన్నది నిద్రపోయినను ఆపము. ఇతర మతములవారి ఇండ్లలో దీపము పెట్టే వేళ ఎట్లాంటిదో మా ఇంటిలో ఈ పావుగంట అట్లాంటిది. పగలంతా ఎవరిపై ఎవరికి కోపము వచ్చినదో అప్పుడు బయటపడును. అబ్బాయి ఒకనాడు అక్క చేసిన నేరములన్నీ వరసగా దేవునికి విన్నవించినాడు. మేము నవ్వు ఆపుకొని, నీవి కూడ చెప్పుమన్నాము. చాలసేపు ఆలోచించి "ఆమెన్" అన్నాడు.

ఈ పావుగంటలోనే మాకు ఒక కష్టమైన ప్రశ్న ఎదురైనది. మేము పోయే గుడిలో ఆరాధన తమిళము. ఆదివారపు బడి తమిళము. బడిచదువు తమిళము, ఇంగ్లీషు. 2006లో చేసిన చట్టమునుబట్టి తమిళనాటి బడులలో 1వ తరగతినుండి 10వ తరగతి వరకు తమిళము తప్పనిసరి అయినది. ఉన్న నేల భాష నేర్చుకొనుట మంచిదే. తమిళము మా పిల్లలకు అన్నము పెట్టబోయే భాష. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయుటకు ప్రయత్నించవలెనని 1956లో రాజ్యాంగములో 350-ఏ అధికరణము చేర్చినారు. అయితే చిన్న ఊరిలో చెల్లాచెదరుగా ఉన్న ఇండ్లకు తెలుగు పంతులు ఎక్కడనుండి వచ్చును? 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాష అని చెప్పినవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. అంతమంది ఉన్నను, మా వంటి ఇంటిలో తెలుగు బ్రతుకవలెనంటే దానికి దొరికే చోటు ఆ పావుగంటే.

పెద్దమ్మాయి తమిళములో ప్రార్థన చేయసాగినది. తెలుగులో చెప్పుమంటే, "దేవునికి తమిళము రాదా?" అని అడిగినది. "దేవునికి అన్ని భాషలూ వచ్చును, మరచిపోయేది మనమే" అన్నది అవ్వ. అమ్మాయి ఊరుకున్నది గాని మేము ఊరుకోలేక చాలనాళ్లు ఆలోచించినాము. అవ్వ మాట నిజమే. అయితే బిడ్డ మాట కూడ నిజమే. మనసులో ఉన్నది చెప్పుకొనే చోట భాషకై గద్దించితే, ఆ బిడ్డ మనసులో ఉన్నది మాని, వచ్చిన మాటలు అప్పగించును. అప్పుడు ప్రార్థనా పోవును, తెలుగుపై ప్రేమా పోవును. కడకు మేము ఇట్లా పెట్టుకొన్నాము: పాట, బైబిలు పఠనము తెలుగులో, ఎవరి ప్రార్థన వారికి ఏ భాషలో వస్తే ఆ భాషలో.

పాటకు తెలుగును నిలిపిన కారణము కూడ చెప్పవలెను. ఉత్తరాంధ్ర ప్రాంతపు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వ్రాసిన కీర్తనలు రాగతాళములు గల మన దేశపు బాణీ పాటలు. తంజావూరులో వేదనాయకం శాస్త్రిగారు (1774–1864) తమిళమున అదే పని చేసినారు. గుడిలో ఒకరివి, ఇంటిలో ఒకరివి పాడే పిల్లలకు రెండు భాషలూ ఒకే సంగీతపు బిడ్డలని చెవికే తెలియును. బైబిలు కథ కూడ ఇటువంటిదే. తమిళ క్రొత్తనిబంధన 1715లో తరంగంబాడిలో అచ్చయినది. షుల్ట్జ్ అనే జర్మను పాదిరి మద్రాసు చేరి 18వ శతాబ్దములోనే క్రొత్తనిబంధనను తెలుగు చేసినను అది అచ్చుకు రాలేదు. 1818లో శ్రీరాంపురములో తెలుగు క్రొత్తనిబంధన అచ్చయినది. తమిళదేశములో కూర్చుండి తెలుగు బైబిలుకై పాటుపడినవారు ఆనాడే ఉన్నారని చెప్పితే పెద్దమ్మాయి కన్నులు పెద్దవి చేసినది.

అక్షరములు ఆదివారము మధ్యాహ్నము చెప్పుతాము. తమిళమున క, గ రెంటికీ ఒకే అక్షరము గనుక, తెలుగులో క, ఖ, గ, ఘ నాలుగెందుకని అబ్బాయి తగవు పెట్టుకొనును. "కడప", "గడప" అని రెండు మాటలు వ్రాసి చూపినాము. ఒకటి ఊరు, ఒకటి నీవు నిలుచున్న చోటు అన్నాము. నవ్వి ఒప్పుకొన్నాడు.

ఫలితమేమని అడిగితే గొప్పలు చెప్పలేము. పెద్దది పెద్ద అచ్చు కీర్తనల పుస్తకమును కూడబలుకుకొని చదువును. అబ్బాయికి గుణింతము ఇంకను కుదరలేదు. చిన్నది అర్థము తెలియకుండానే పాట మొత్తము పాడును. ప్రార్థనలు తమిళముననే ఎక్కువ. రేపు వీరికి పుట్టే బిడ్డలు ఏమి మాట్లాడుదురో మా చేతిలో లేదు. మా చేతిలో ఉన్నది ఈ రాత్రి ఎనిమిది గంటల వేళ మాత్రమే.

మొదట వ్రాసిన మాటే మరల వ్రాస్తున్నాము: తీరిక కొరకు కాచుకొనవద్దు. చీపురు వంతు, ఎర్రగుడ్డ బిందె, పావుగంట పాట వంటి చిన్నవే మీ ఇంటికి తగినవి రెండో మూడో ఎంచుకొని, తప్పకుండా జరుపుకొండి. ఏ మతమువారికైనను ఇది వర్తించును. చిన్న ఊళ్లలో పిల్లలకు తెలుగు నిలుపుకొన్న కుటుంబములవారు తమ ఉపాయములను ఈ పత్రికకు వ్రాసిన ఎడల మావంటి వారికి ఎంతో మేలు చేసినవారగుదురు.