గుట్టు దాచని గడుల బొమ్మ

విజయవాడ బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో ఆధార్ కార్డు కాపీ తీయించి, పన్నెండు అంకెల్లో మొదటి ఎనిమిదింటిని నల్లపెన్నుతో కొట్టేసి లాడ్జి కౌంటర్లో ఇచ్చే జాగ్రత్తపరులున్నారు. మంచి అలవాటే. కానీ పక్కనున్న నలుపు తెలుపు గడుల బొమ్మ జోలికి ఎవరూ పోరు. కార్డు బాగా పాతదైతే, కొట్టేసిన అంకెలన్నీ ఆ బొమ్మలో చెక్కుచెదరకుండా ఉంటాయి.

ఆ బొమ్మే క్యూఆర్ కోడ్. ఇది పుట్టింది కార్ల విడిభాగాల మధ్య. అంతకుముందు రాజ్యం బార్‌కోడ్‌ది. 1974 జూన్ 26న అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో ఓ చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో అది దుకాణాల్లో అడుగుపెట్టింది. గీతలు అడ్డంగా మాత్రమే చదవాలి, ఇరవై అక్షరాలకు మించి పట్టవు. జపాన్‌లోని డెన్సో కర్మాగారంలో ఒక్కో పెట్టెకు పది బార్‌కోడ్లు అంటించేవారు. స్కాన్ చేసీ చేసీ కార్మికులు విసిగిపోయారు.

ఆ సంస్థ ఇంజినీరు మసాహిరో హరా ‘గో’ ఆట బల్ల మీది తెల్ల, నల్ల కాయలను చూసి దారి కనిపెట్టాడు. సమాచారాన్ని అడ్డంగానూ నిలువుగానూ పేర్చాడు. 1994లో తయారైన ఈ కోడ్‌లో 7,089 అంకెల వరకు పడతాయి. మూడు మూలల్లో ఉండే చదరాలు స్కానర్‌కు గుర్తులు. వాటి మధ్యగా ఏ వైపు నుంచి గీత గీసినా నలుపు తెలుపులు 1:1:3:1:1 పాళ్లలో వస్తాయి. అచ్చు కాగితాల్లో మరెక్కడా తేలిగ్గా దొరకని నిష్పత్తి కోసం హరా బృందం పత్రికలు, పెట్టెలు, కరపత్రాలు తిరగేసి దీన్ని ఎంచుకుంది.

కర్మాగారమన్నాక నూనె మరకలు తప్పవు. అందుకే రీడ్-సాలమన్ అనే గణిత పద్ధతితో అదనపు సమాచారం జోడించారు. గరిష్ఠ స్థాయిలో 30 శాతం చెడినా మిగతా దాన్నిబట్టి అసలు పాఠం తిరిగి వస్తుంది. జేబులో నలిగినా, పసుపు అంటినా, జిరాక్సు తీసినా కోడ్ పలుకుతుంది. అడిగినవాడికల్లా జవాబు చెప్పడమే దాని పని. బేరింగుకు దాచుకోవాల్సిన గుట్టేముంటుంది?

మనిషికి ఉంటుంది. 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలోని టెంభ్లీలో ఆధార్ మొదలైంది. తొలినాళ్ల ఆధార్ ఉత్తరాల మీది కోడ్‌లో పూర్తి నంబరు, పేరు, చిరునామా మామూలు అక్షరాల్లోనే ఉండేవి. ఏ ఫోనుతోనైనా చదవొచ్చు. 2018లో కొత్త కోడ్ వచ్చింది. అందులో నంబరు చివరి నాలుగు అంకెలే ఉంటాయి. ఫొటో చేరింది. ఆధార్ సంస్థ డిజిటల్ సంతకమూ చేరింది. ఒక్క అక్షరం మార్చినా సంతకం సరిపోదు, దొంగ కార్డు పట్టుబడుతుంది. వేలిముద్ర, కంటిపాప ఇందులో ఉండవు.

అయితే సంతకం వేరు, తాళం వేరు. సంతకం పెట్టిన పోస్టుకార్డును పోస్ట్‌మన్ కూడా చదవగలడు. కొత్త కోడ్ అయినా పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో స్కాన్ చేసినవారి చేతిలో పెడుతుంది.

కృష్ణా జిల్లాకు గుర్తింపు చదివే యంత్రాలు కొత్త కాదు. 2015లోనే చౌకడిపోల్లో వేలిముద్ర అడిగే ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. 2025 ఆగస్టు 25న ఏటీఎం కార్డంత సైజులో, క్యూఆర్ కోడ్‌తో స్మార్ట్ రేషన్ కార్డుల పంపిణీ మొదలైంది. బియ్యం సక్రమంగా అందడానికి ఇవి పనికొచ్చేవే. చిక్కల్లా చదివిన వివరాలు ఎక్కడ పోగుపడతాయన్నదే. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఇచ్చిన నివేదిక ఆధార్ నంబర్లు బహిరంగంగా కనబడిన నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను చూపింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే, ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది మరొకటి. ఆ ఏడాది ఆగస్టు 24నే పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది.

2022 మేలో ఆధార్ బెంగళూరు కార్యాలయం ‘జిరాక్సులు ఎవరికీ ఇవ్వొద్దు’ అని ప్రకటించింది. జనం బెంబేలెత్తడంతో రెండు రోజుల్లో ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు.

డెల్టా రైతుకు తూము సంగతి చెప్పనక్కర్లేదు. మడికి ఎంత కావాలో అంతే ఎత్తుతాడు. కాగితం మీద అచ్చయిన కోడ్‌కు తూము లేదు, వదిలితే కాలువంతా వదిలేస్తుంది. 2025లో వచ్చిన కొత్త ఆధార్ యాప్‌లో ఏ వివరం చూపాలో మనమే ఎంచుకుని ఆ మేరకే ఇవ్వొచ్చు. అది అన్ని కౌంటర్లకూ చేరేదాకా, పాత కార్డు జిరాక్సు ఇచ్చేటప్పుడు ఆ నల్లపెన్నును కాస్త పక్కకు, గడుల బొమ్మ మొత్తం మీదికి కూడా జరపండి.