పట్టుబడితేనే నడిచే యంత్రం

లినక్స్ సర్వర్‌లో వర్ట్-ఇన్‌స్టాల్ అని టైపు చేసి, పక్కన ఒక పేరు, 2048 మెగాబైట్ల మెమరీ, 2 ప్రాసెసర్లు, 20 గిగాబైట్ల డిస్కు, ఐఎస్ఓ ఫైలు ఉన్న చోటు రాసి ఎంటర్ నొక్కితే, కాసేపట్లో ఒక కొత్త కంప్యూటర్ బూట్ అవుతుంది. కొత్త పెట్టె రాలేదు, ఎక్కడా తీగ కలపలేదు. 20 గిగాబైట్ల డిస్కు అన్నది క్యూకౌ2 పద్ధతిలో ఉన్న మామూలు ఫైలు. లోపలి సిస్టమ్ రాసేకొద్దీ అది పెరుగుతుంది తప్ప మొదట్లో తీసుకునే చోటు నామమాత్రం. యంత్రం స్వరూపమంతా ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తీస్తే ఆ కంప్యూటర్ మొత్తం క్యూఎమూ అనే ఒకే ప్రాసెస్, దాని ప్రాసెసర్లు అందులోని థ్రెడ్లు. వర్ష్ డిస్ట్రాయ్ అనే కమాండ్ పేరు వింటే భయమేస్తుంది గానీ, అది చేసేది ప్లగ్గు పీకడమే. డిస్కు ఫైలు ఎక్కడికీ పోదు. ఇంత తేలిగ్గా పుట్టి ఇంత తేలిగ్గా ఆగే ఈ వర్చువల్ మెషీన్‌ను చాలామంది అసలు కంప్యూటర్‌కు నకలు అనుకుంటారు. కానీ దీన్ని నిలబెట్టేది అనుకరణ కాదు, పట్టుకోవడం. లోపలి సిస్టమ్ హద్దు దాటబోయిన ప్రతిసారీ ఆ సంగతి పైకి తెలియాలి. తెలియజేసే ప్రాసెసర్ మీద ఈ యంత్రం సాఫీగా నడిచింది. తెలియజేయకుండా ఊరుకున్న ప్రాసెసర్ మీద ఏళ్ల తరబడి మొరాయించింది.

లోపలి సిస్టమ్‌ను గెస్ట్ అంటారు. గెస్ట్ రెండు సంఖ్యలు కూడినా, ఫైలులో ఒక మాట వెతికినా ఆ ఆదేశాలు అసలు ప్రాసెసర్ మీదే, దాని సొంత వేగంతో నడుస్తాయి. చిక్కల్లా యంత్రం మొత్తం మీద అధికారం చెలాయించే కొద్దిపాటి ఆదేశాలతోనే. ఇంటరప్టులు ఆపెయ్యమనేది ఒకటి, మెమరీ పట్టికను మార్చమనేది ఒకటి, ప్రాసెసర్‌ను నిలిపెయ్యమనేది ఒకటి. ఒక గెస్ట్ వీటిని నిజంగా అమలు చేస్తే పక్కనున్న గెస్టులన్నీ మునుగుతాయి. నాలుగు వాటాలున్న ఇంటిని తలుచుకోండి. మెయిన్ స్విచ్ ఉన్న గదికి తాళం వేసి ఉంటే, అద్దెకున్నాయన కరెంటు తీయాలంటే ఓనరు తలుపు తట్టక తప్పదు. ఓనరు వచ్చి ఆ ఒక్క వాటాకే కరెంటు తీస్తాడు. అడిగినాయనకు పని జరిగింది, మిగతా మూడు వాటాల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ తలుపు తట్టడాన్ని కంప్యూటర్ పరిభాషలో ట్రాప్ అంటారు. ఓనరు పాత్ర, గెస్టులన్నిటినీ పైనుంచి నడిపించే హైపర్‌వైజర్ అనే ప్రోగ్రాముది.

ఐబీఎం ఈ కిటుకును 1960లలోనే పట్టుకుంది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ బృందం సిస్టమ్/360 మోడల్ 40కి కొన్ని మార్పులు చేసి, దాని మీద సీపీ-40 అనే వ్యవస్థను నడిపింది. ఒకే యంత్రం 14 దాకా యంత్రాలుగా విడిపోయి, ఒక్కొక్కటీ 256 కిలోబైట్ల మెమరీ ఉన్న సొంత 360లా కనిపించేది. అధికార ఆదేశాన్ని మామూలు స్థితిలో నడపబోతే 360 ప్రాసెసర్ అక్కడికక్కడే ఆగి కబురు పంపేది, కాబట్టి ఆ పని సాధ్యమైంది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ దీన్ని సిద్ధాంతంగా నిరూపించారు. గెస్ట్‌కు అసలు యంత్రం మీద ఉన్నట్టే ఉండాలి, చాలా ఆదేశాలు నేరుగా ప్రాసెసర్ మీదే నడవాలి, వనరుల మీద పట్టు మాత్రం హైపర్‌వైజర్ చేతిలోనే ఉండాలి. ఈ మూడూ కుదరడానికి వాళ్లు చెప్పిన షరతు ఒక్కటే: యంత్రం స్థితిని మార్చే, లేదా బయటపెట్టే ప్రతి ఆదేశమూ అధికారం లేనప్పుడు ట్రాప్ కావాలి.

పర్సనల్ కంప్యూటర్లను ఏలిన ఎక్స్86 ఈ పరీక్షలో తప్పింది. అందులో పాప్‌ఎఫ్ అని ఒక ఆదేశం ఉంది. ప్రాసెసర్ ఫ్లాగులను మెమరీలోని స్టాక్ నుంచి తెచ్చి తిరిగి నింపడం దాని పని. ఇంటరప్టులను రానిచ్చేదీ ఆపేదీ ఆ ఫ్లాగుల్లో ఒకటి. అధికారం లేని స్థితిలో పాప్‌ఎఫ్ నడిపితే ప్రాసెసర్ ఎదురు చెప్పదు. మామూలు ఫ్లాగులను మార్చి, ఇంటరప్టుల ఫ్లాగును మాత్రం వదిలేసి, ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది. హైపర్‌వైజర్‌కు కబురు అందదు. మన వాటాల ఇంట్లో స్విచ్ గది తాళం తీసేసి, ఏ తీగకూ కలపని ఉత్తుత్తి స్విచ్ బిగించినట్టన్నమాట. అద్దెకున్నాయన దాన్ని ఆపి, కరెంటు పోయిందన్న ధీమాతో తీగ మీద చెయ్యి వేస్తాడు. ఒంటరి ప్రోగ్రాము వైపు నుంచి చూస్తే ప్రాసెసర్ చేసింది ఔదార్యమే, ఆ ప్రోగ్రాము ఆగిపోకుండా సాగుతుంది. దాని మీద ఇంకో యంత్రాన్ని కట్టబోయేవాళ్లకు మాత్రం అది గొయ్యి. 2000లో జాన్ రాబిన్, సింథియా అర్విన్ పెంటియమ్ ఆదేశాలను జల్లెడ పట్టి, షరతు తప్పినవి 17 ఉన్నాయని తేల్చారు.

ఈ మౌనం మీద రెండు బృందాలు రెండు దారుల్లో దండెత్తాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధన నుంచి పుట్టి 1998లో మొదలైన వీఎంవేర్, గెస్ట్ కెర్నల్ కోడ్ నడవబోయే ముందే దాన్ని ముక్కలు ముక్కలుగా చదివి, ప్రమాదకరమైన ఆదేశాల స్థానంలో క్షేమమైనవి పెట్టి, తిరగరాసిన ముక్కను దాచుకుని మళ్లీ మళ్లీ వాడింది. అద్దెకున్నాయన స్విచ్ గది వైపు అడుగు వేసేలోపే దారి మళ్లించడం ఇది. గెస్ట్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి 2003లో వచ్చిన జెన్ అనే హైపర్‌వైజర్ ఇంకో మాట చెప్పింది: దొంగచాటు దేనికి, గెస్ట్‌కే నిజం చెప్పేద్దాం. గెస్ట్ కెర్నల్‌ను సవరించి, అధికారపు పని కావాల్సిన చోటల్లా హైపర్‌వైజర్‌ను నేరుగా పిలిచేలా చేశారు. దీని పొందిక చక్కనిది, వేగమూ బాగుంది. అయితే సోర్స్ కోడ్ చేతిలో లేని సిస్టమ్‌కు ఆ తలుపు మూసే ఉంది. ఒకరు చాటుగా, ఇంకొకరు బాహాటంగా సాధించింది మాత్రం ఒక్కటే, ప్రాసెసర్ తట్టని తలుపును తట్టించడం. చివరికి 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే గెస్ట్‌కు వేరే స్థితిని ఏర్పాటు చేశాయి. హైపర్‌వైజర్ కోరిన సందర్భాల్లో గెస్ట్ ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో కారణం రాసి ఉంటుంది. ఆ ఊతంతో అవీ కివిటీ రాసిన కేవీఎం అనే హైపర్‌వైజర్ 2007లో లినక్స్ కెర్నల్‌లో చేరింది.

ఇన్నిసార్లు ఆగితే నెమ్మదించదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2006లో వీఎంవేర్‌కు చెందిన కీత్ ఆడమ్స్, ఓలే ఏజెసెన్ కొలిచి చూస్తే, తొలి తరం హార్డ్‌వేర్ సాయం చాలా పనుల్లో తిరగరాసే పద్ధతిని మించలేకపోయింది. మెమరీ పట్టికలను గెస్ట్ మార్చిన ప్రతిసారీ ఆపాల్సి రావడమే పెద్ద కారణం. తర్వాత ప్రాసెసర్లు గెస్ట్ పట్టికనూ, హోస్ట్ అనే అసలు యంత్రం పట్టికనూ తామే కలిపి చదవడం నేర్చుకుని ఆ ఖర్చును బాగా తగ్గించాయి. డిస్కు, నెట్‌వర్కుల విషయంలో జెన్ ఆలోచనే వర్ట్‌ఐఓ రూపంలో గెలిచింది. గెస్ట్ తాను వర్చువల్ అని తెలుసుకునే మాట్లాడుతుంది. అంటే నేర్పు అన్నిటినీ పట్టుకోవడంలో లేదు. పట్టుకోదగినవి ఏవో ఎంచుకుని, వాటిలో ఒక్కటీ జారకుండా చూడటంలో ఉంది.

కంటైనర్లు వచ్చాక ఇదంతా దేనికని ఇంకొందరి వాదన. కంటైనర్లు తేలికైనవే. కానీ అవన్నీ ఒకే కెర్నల్‌ను పంచుకుంటాయి, అక్కడ ఒక రంధ్రం పడితే అందరి ఇల్లూ తెరుచుకుంటుంది. ఒకరినొకరు నమ్మనివాళ్లను ఒకే సర్వర్‌లో ఉంచాలంటే హద్దు ఇంకా కింద, ప్రాసెసర్ దగ్గర ఉండటం మేలు. ఆ హద్దూ పగులుతుందని 2015లో వీనమ్ లోపం చూపించింది, నిజమే. అయితే అక్కడ విఫలమైంది పట్టుకోవడం కాదు. పట్టుకున్న తర్వాత ఫ్లాపీ డ్రైవ్‌లా నటించిన క్యూఎమూ కోడ్. కబురు అందకపోతే హద్దు నిలవదనడానికి 2018లో బయటపడ్డ ఫోర్‌షాడో అనే ప్రాసెసర్ లోపం బలమైన సాక్ష్యం. ప్రాసెసర్ తొందరపడి ముందస్తుగా చేసిన పని, ఏ ట్రాప్ కబురూ హైపర్‌వైజర్‌కు చేరకుండానే, కాష్‌లో వదిలిన జాడల నుంచి పక్కవాళ్ల రహస్యాలు చదవొచ్చని తేలింది. పాప్‌ఎఫ్ చేసిన తప్పే మళ్లీ వచ్చింది, ఆదేశాల్లో కాకుండా వాటి నీడల్లో.

అందుకే వర్ట్-ఇన్‌స్టాల్ కొట్టే ముందు అనుభవజ్ఞులు ప్రాసెసర్ వివరాలున్న సీపీయూఇన్ఫో ఫైలులో వీఎంఎక్స్ గానీ ఎస్వీఎం గానీ ఉందా అని వెతుకుతారు. లేకపోయినా యంత్రం రావచ్చు. అప్పుడు క్యూఎమూ ప్రతి ఆదేశాన్నీ అనువదిస్తూ నిజంగానే నకలు నడుపుతుంది, ఆ నత్తనడక చూస్తే నకలుకూ దీనికీ తేడా ఇట్టే తెలుస్తుంది. ఆ మూడు అక్షరాలు కనిపించాయంటే, హద్దు దాటితే చెబుతానని ఆ ప్రాసెసర్ మాట ఇచ్చినట్టు.